సమూయేలు అంటే ‘అడిగి పొందినవాడు’ అనా, ‘దేవుని పేరు’ అనా?

బాబు నామకరణం కార్డు మీద వేయించాలనుకున్న ఈ పేరుకు మీకు రెండు అర్థాలు తగలడానికి కారణం బైబిల్లోని 1 సమూయేలు 1:20. అక్కడ సమూయేలు తల్లి హన్నా, దేవుణ్ణి అడిగి కన్నాను కాబట్టి ఈ పేరు పెడుతున్నానంటుంది. చాలామంది దాన్నే పేరుకు అర్థంగా రాసేస్తారు. నిజానికి అది పేరుకు అర్థం కాదు, శబ్దం కలిసేలా చెప్పిన మాట.

1. హీబ్రూలో ‘అడుగు’ అంటే షాఅల్. దాని నుంచి నేరుగా వచ్చిన పేరు సౌలు (షాఊల్), సమూయేలు కాదు. 1:28లో హన్నా బిడ్డ గురించి వాడిన మాట కూడా అచ్చంగా ‘షాఊల్’! తెలుగులో చదివితే ఈ అందం కనిపించదు.

2. అందరూ వదిలేసేది ఇదే: తెలుగు స్పెల్లింగ్ కాదు, హీబ్రూ అక్షరాలు చూడండి. షీన్, మేమ్, వావ్, ఆలెఫ్, లామెద్. ‘దేవుడు విన్నాడు’ అని కూడా కొందరు చెబుతారు. కానీ ‘విను’ (షామఅ్) ధాతువులో అయిన్ అనే గొంతు అక్షరం ఉంటుంది. ఇష్మాయేలులో అది ఉంది, అందుకే ఆ పేరుకు ‘దేవుడు వింటాడు’ అనే అర్థం సరిపోతుంది (ఆదికాండము 16:11). సమూయేలులో అయిన్ లేదు.

3. మిగిలేది షేమ్ (పేరు) + ఏల్ (దేవుడు). ‘దేవుని పేరు’ లేదా ‘ఆయన పేరు దేవుడు’. అక్షరాలకు బాగా కుదిరేది ఇదే.

బాబు నామకరణం కార్డు మీద ‘దేవుని పేరు’ అని వేయించండి. హన్నా ప్రార్థన కూడా కావాలంటే, కింద 1:20 వచనం విడిగా వేయించండి.