కారు కబుర్లు: ఈ20 పెట్రోల్, పాత బండి

ప్రశ్న: సర్, మాది 2014 మోడల్ పెట్రోల్ కారు. కొన్న కొత్తలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చేది, ఏడాదిగా 12 దాటడం లేదు. పెట్రోల్‌లో ఇథనాల్ ఎక్కువ కలపడం వల్లేనని అందరూ అంటున్నారు. ఈ మధ్య పొద్దున్నే బండి తీస్తుంటే బానెట్ దగ్గర కొంచెం పెట్రోల్ వాసన కూడా వస్తోంది. అమ్మేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మైలేజ్ సంగతి తర్వాత, ముందు ఆ వాసన చూడండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే. ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ ఒత్తిడి మీద పారుతుంది, పైపుకి సన్నటి పగులున్నా వేడి ఇంజిన్ మీద చిమ్ముతుంది, మంట లేవడానికి అది చాలు. కాబట్టి బండిని షెడ్డుకు నడుపుకుంటూ వెళ్లకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. 2014 నాటి బండ్లలో రబ్బరు పైపులు, ఇంజెక్టర్ల దగ్గరుండే ఓ-రింగులు, ట్యాంకులో పంపు సీలు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ కోసం చేసినవి కావు. ఇథనాల్ తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పదేళ్లు దాటిన రబ్బరు ఇథనాల్ లేకపోయినా గట్టిపడి పగులుతుంది కాబట్టి తప్పంతా దాని మీద వేయలేను, కానీ రెండూ కలిస్తే మాత్రం ఇక ఆగదు. మార్చేటప్పుడు కంపెనీ ఈ20కి సరిపోతుందని చెప్పిన భాగాలే అడగండి. బయట పైపు కొంటే దాని మీద 30ఆర్9 అని అచ్చు ఉందేమో చూడండి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల కోసం చేసిన రకం అది. పెట్రోల్ ఫిల్టర్ కూడా మార్చించండి, పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని ఇథనాల్ కదిలించి తెచ్చి అందులోనే పోస్తుంది.

ఇప్పుడు మైలేజ్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికి మూడింట రెండొంతులే. మీరు బండి కొన్నప్పుడు దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ సగటున 2 శాతం కూడా లేదు, 2022 నాటికి 10 అయింది, 2025లో 20కి చేరింది. 2030కి అనుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపారు కాబట్టి ఇంత త్వరగా వచ్చింది. మామూలు పెట్రోల్ కోసం తయారై 10 శాతానికి సర్దిన కార్లకు ఈ20 వల్ల మైలేజ్ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాశారు. ఆ లెక్కన మీ 15 కాస్తా 14 అవ్వాలి. 12కి పడిందంటే మిగతా రెండు కిలోమీటర్లు ఇంకెక్కడో పోతున్నాయి. కారుతున్న పెట్రోల్ ఒకటి, అది కాక స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి, ముసలిదైపోయిన ఆక్సిజన్ సెన్సర్. ఈ సెన్సరే పొగలో ఆక్సిజన్ చూసి ఎంత పెట్రోల్ పోయాలో కంప్యూటర్‌కి చెబుతుంది. ఈ20 వచ్చినప్పుడు కొంచెం ఎక్కువ పోయమని చెప్పాల్సిందీ అదే, అది తప్పు చెబితే మైలేజ్ మొత్తం పోతుంది. ఇవన్నీ అయ్యాక ఒకే బంకులో, ఆటో కట్ అయ్యేదాకా పోయించి, మూడుసార్లు ట్యాంక్ టు ట్యాంక్ కొలవండి, డ్యాష్‌బోర్డు చూపించే అంకె నమ్మొద్దు.

ఇథనాల్‌ని విరగ్గొట్టే సీసా మందులంటూ అమ్ముతున్నారు, వాటికి డబ్బు తగలేయకండి. 20 శాతాన్ని 10 చేసే మందు లేదు. అమ్మడం గురించైతే, ఇంజిన్ బాగుంటే ఇంత చిన్న రిపేరుకి అమ్మేయమని నేను చెప్పను.

ఒక మాట చెప్పుకోవాలి. బ్రెజిల్‌లో 30 శాతం కలుపుతున్నారు కదా అని కొందరు అంటారు. అక్కడ 2003 నుంచే ఎంత ఇథనాల్ పోసినా నడిచే కార్లు అమ్ముతున్నారు. మన దగ్గర ఈ20ని తట్టుకునే భాగాలతో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది, అంతకుముందు కొన్నవాళ్లకు బంకులో ఇంకో మామూలు పెట్రోల్ లేదు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచమని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. చెరకు రైతుకి, మొక్కజొన్న రైతుకి మంచిదైతే నాకూ సంతోషమే, కానీ పాత బండి ఉన్నవాళ్లకి కనీసం ఈ10 దొరకాలి, లేదా ధరైనా తగ్గాలి.

ప్రశ్న: అన్నగారూ, పెద్ద వాన పడిన మర్నాడు బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించాను, రెండు కిలోమీటర్లు పోకముందే బండి ఆగిపోయింది. 20 కంటే ఎక్కువ ఇథనాల్ కలిపి ఉంటారా? ఇంట్లో తెలుసుకునే దారి ఉందా? - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఇథనాల్ కాస్త ఎక్కువైనంత మాత్రాన బండి రెండు కిలోమీటర్లలో ఆగదు. నాకు నీళ్ల మీదే అనుమానం. ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. కొద్దిపాటి నీటిని కలుపుకుని మోస్తుంది, మోయగలిగినదాని కంటే ఎక్కువైతే పెట్రోల్‌ని వదిలేసి నీటితో కలిసి అడుగుకి దిగిపోతుంది. బంకు భూగర్భ ట్యాంకులోకి వాన నీళ్లు దిగితే జరిగేది ఇదే. మీ కారులో పంపు కూడా అడుగు నుంచే లాగుతుంది, అంటే ఇంజిన్‌కి అందింది ఆ నీళ్ల మిశ్రమం. ఒకసారి ఇలా విడిపోయాక పైన మంచి పెట్రోల్ పోసినా మళ్లీ కలవదు, ట్యాంక్ దింపి కడగాల్సిందే. సెల్ఫ్ కొడుతూ కూర్చోకండి. తీసిన పెట్రోల్ ఒక గాజు సీసాలో పట్టి ఉంచండి, అడుగున వేరే పొర కనిపిస్తే ఫోటో తీయండి, బిల్లు దాచండి, అప్పుడే బంకు వాళ్లు మాట వింటారు.

పరీక్ష సులువే. 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీలో 50 దాకా నీళ్లు పోసి ఒక చుక్క ఇంకు వేయండి, పైన 50 పెట్రోల్ పోసి, మూతపెట్టి మెల్లగా కలిపి, మధ్యమధ్యలో మూత తీసి ఆవిరి వదలండి. ఆరుబయట చేయాలి, చుట్టుపక్కల పొయ్యి, సిగరెట్ ఏదీ ఉండకూడదు. పావుగంట ఆగితే రంగు నీళ్ల గీత 50 నుంచి పైకి జరుగుతుంది, 60 దగ్గర ఆగితే 20 శాతం. ఒక గీత అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు, 64, 65 చూపిస్తే మాత్రం ఫిర్యాదు చేయండి. బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష, సాంద్రత కొలత, 5 లీటర్ల పాత్రతో కొలత అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మావారు పొరపాటున మామూలు సెడాన్‌లో ఈ85 నాలుగు గ్యాలన్లు పోశారు. అప్పటికే ఆరు గ్యాలన్లు ఉంది. ఇంజిన్ పోతుందా? - ఒక పాఠకురాలు

జవాబు: పోదు, కంగారు పడకండి. అక్కడి ఈ85లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఉంటుంది, 70 అనుకుని, అంతకుముందున్న మామూలు పెట్రోల్‌లోని 10 శాతం కూడా కలిపితే మీ ట్యాంకులో ఇప్పుడు 34 శాతం దగ్గర ఉన్నట్టు. ఇంకో నాలుగు గ్యాలన్లు పట్టేలా ఉంటే మామూలు పెట్రోల్ పోయించండి, 27కి దిగుతుంది. రెండు మూడు రోజులు హైవే ఎక్కకుండా, గట్టిగా తొక్కకుండా నడిపి, సగం అవగానే మళ్లీ నింపండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి అలాగే ఉంటే పి0171 అనే కోడ్ (గాలికి తగినంత పెట్రోల్ పడటం లేదని కంప్యూటర్ చెప్పేది) అయి ఉండొచ్చు, మామూలు పెట్రోల్ పడ్డాక సాధారణంగా అదే పోతుంది. లైటు మిణుకుమిణుకుమంటూ ఇంజిన్ అదిరితే మాత్రం పక్కకు ఆపి టో చేయించండి, అలాగే నడిపితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, ఖర్చంతా అక్కడే.