కుటుంబంతో తక్కువ ఖర్చులో స్పెయిన్‌లో కామినో నడవాలంటే?

అమ్మనూ పదేళ్ల పాపనూ తీసుకుని కామినో దె శాంటియాగో (స్పెయిన్‌లోని శాంటియాగో నగరానికి క్రైస్తవులు కాలినడకన చేసే పాత యాత్ర) నడవాలి, బడ్జెట్ తక్కువ, ఎలా ప్లాన్ చేయాలి అని అడిగారు. మేం మా అమ్మతో వెళ్లొచ్చాం కాబట్టి గట్టిగానే చెబుతాను. ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చే 780 కి.మీ. దారి మొత్తం వద్దు. సర్రియా అనే ఊరి నుంచి మొదలుపెట్టండి, అక్కణ్ణుంచి శాంటియాగో సుమారు 115 కి.మీ. కాలినడకన కనీసం 100 కి.మీ. వస్తేనే యాత్ర పూర్తి చేసినట్టు యాత్రాపత్రం ఇస్తారు, దానికిది చాలు. యాత్రికుల పాస్‌పోర్టు అనే చిన్న పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకోవడం మాత్రం మరవద్దు.

శాంటియాగో ఉన్న ప్రాంతం గలీషియా. అక్కడి ప్రభుత్వ సత్రాల్లో రాత్రికి తలకు 10 యూరోలే. బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్లకే మంచం.

డబ్బు పోయేది తిండి దగ్గర, అందులోనూ శాకాహారులకి. అక్కడి కాల్దో గలేగో చూడ్డానికి ఆకుకూర, బంగాళాదుంపల పులుసులా ఉంటుంది, కానీ పంది కొవ్వు వేస్తారు. సలాడ్ అడిగితే పైన ట్యూనా చేప. మా అమ్మ రొట్టె, అరటిపళ్లతో సరిపెట్టుకుని, ఇక లాభం లేదని ఓ సాయంత్రం సత్రం వంటగదిలోకి వెళ్లింది. స్టవ్ తళతళలాడుతోంది, ఒక్క గిన్నె లేదు, గరిటె లేదు. చాలా ప్రభుత్వ సత్రాల్లో అంతే. అమ్మ తన సంచిలోంచి సత్తు గిన్నె తీసి ఎసరు పెట్టింది. ఇటలీ పెద్దాయన ఒకాయన పాస్తా పొట్లం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. అమ్మ అన్నం మా పళ్లాల్లో పెట్టేసి, గిన్నె కడిగి ఆయన చేతికిచ్చింది. ఆయన తర్వాత కొరియా అమ్మాయిలు నూడుల్స్ వండుకున్నారు. మా గోంగూర పచ్చడి ఆ పెద్దాయన రొట్టెకు రాసుకుని తిన్నాడు.

ఇలాంటి మనిషిని "ఆవిడెందుకు, మీకు అడ్డం" అన్నారు మా బంధువులు. పెద్దవాళ్లను ఇంట్లో వదిలేసి చేసేది యాత్ర ఎలా అవుతుంది? పుస్తకాల్లో రాసే రోజుకు 20, 25 కి.మీ. కుర్రాళ్ల లెక్క. మీ అమ్మగారి నడకే మీ లెక్క. రోజుకు 15 చొప్పున ఎనిమిది రోజులు పెట్టుకోండి. మోకాళ్లు తట్టుకుంటే ట్యాక్సీ ఖర్చూ మిగులుతుంది. సంచులు తర్వాతి ఊరికి చేర్చే సర్వీసులున్నాయి, కానీ ప్రభుత్వ సత్రాలు వాటిని తీసుకోవు, దగ్గర్లోని బార్‌లో దింపించుకోవాలి.

గైడ్ ప్యాకేజీల పేరుతో లక్షలు అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దారంతా ఎటు వెళ్లాలో చూపే పసుపు బాణాల గుర్తులే. ఒ సెబ్రేరో ఊరి ఫాదర్ ఎలియాస్ వలిన్యా 1980ల్లో పెయింట్ పట్టుకుని తిరిగి మొదలుపెట్టిన పని అది. గైడ్ దేనికి? ఆ డబ్బు వీసాకి ఉంచుకోండి: పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, రిజెక్టయినా తిరిగి రాదు.

ఇంకొకటి, జూలై 25 (సెయింట్ జేమ్స్ పండుగ) ఆదివారం పడిన ఏడాది అక్కడ పవిత్ర సంవత్సరం. 2027 అలాంటిదే. జనం విపరీతంగా వస్తారు, మంచం కోసం చీకటితోనే పరుగెత్తాలి. పాపతో ఆ ఏడాది వద్దు.