మామయ్యగారిని మ్యూజియానికి తీసుకెళ్ళే ముందు

చి. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. అత్తయ్యగారు పోయాక మామయ్యగారికి మాట తగ్గిపోయిందనీ, ఒక ఆదివారం ఆయన్నీ పిల్లల్నీ విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి తీసుకెళ్దామని ఉందనీ రాశావు. రాళ్ళ బొమ్మలు చూసి ఆయనకు బోరు కొడుతుందేమోనని నీ టెన్షన్. కొట్టదమ్మా. సాంఘిక శాస్త్రం చెప్పినన్నాళ్ళూ పిల్లల్నీ వాళ్ళ తాతల్నీ బుద్ధుడి విగ్రహాల దగ్గరికి తీసుకెళ్తూనే ఉన్నాను. ఆ రాళ్ళ ముందు బాగా మాట్లాడేది పెద్దవాళ్ళే. మనం నోరు మూసుకుని వాళ్ళని మాట్లాడనివ్వాలి, అంతే.

సెలవు ఏ రోజో ముందే కనుక్కో. ఎండ ముదరకముందే వెళ్ళండి. కత్తులు, డాళ్ళు, నాణేల వైపు పిల్లలు లాక్కుపోతారు, వాటిని చివరికి పెట్టుకో. ఓపిక ఉన్నప్పుడే బుద్ధుడి దగ్గరికి వెళ్ళాలి. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు సున్నపురాయి బుద్ధుడు అక్కడ ఉన్నాడు. దాదాపు పదిహేడు వందల ఏళ్ళ నాటిది. ఆ ఒక్క విగ్రహం దగ్గరే ఎంతసేపైనా ఉండండి. మిగతా గదులు చూడకపోయినా పరవాలేదు.

బోర్డు చదివి వినిపించకు. "ఏమనిపిస్తోంది మామయ్యగారూ?" అని కూడా అడగకు. ఆ వయసు మగవాళ్ళు అలాంటి ప్రశ్నకు "బాగుంది" అని ఊరుకుంటారు. వస్తువు గురించి అడుగు. "ఈ బట్ట ఎలా కట్టుకున్నాడంటారు?" అను. కుడి భుజం వదిలేసి ఎడమ భుజం మీదుగా వేసుకున్న వస్త్రం, ఆ మడతలు, కింద లావుగా తిరిగిన అంచు, ఇవన్నీ పంచె కట్టి కండువా వేసుకున్న మనిషికి మనకంటే బాగా తెలుస్తాయి. ఆయనే చేత్తో చూపించి చెబుతారు. పిల్లలు అప్పుడు వింటారు.

తర్వాత చెవులు చూపించు. సాగి, కిందికి వేలాడే తమ్మెలు. రాజకుమారుడిగా బరువైన నగలు పెట్టుకున్నాడు, ఇల్లు వదిలేటప్పుడు తీసేశాడు, చెవులు అలాగే ఉండిపోయాయి అని సాధారణంగా చెబుతారు. నాకైతే ఎప్పుడు చూసినా మా నాయనమ్మ గుర్తొస్తుంది. ఆవిడ చెవులూ అంతే. ఒక కరువు సంవత్సరం కమ్మలు అమ్మి విత్తనాలు కొన్నారు. మళ్ళీ చేయిస్తామని కొడుకులు ఎన్నిసార్లన్నా ఒప్పుకోలేదు. ఖాళీ చెవులతోనే పెళ్ళిళ్ళకు వచ్చేది, పీటల దగ్గర అందరికంటే ముందు కూర్చునేది. చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళో పడుకుని ఆ తమ్మెల్ని వేలితో ఊపుతూ ఉండేదాన్ని. ఈ సంగతి మీ అమ్మకు కూడా నేను ఎప్పుడూ చెప్పలేదు. బుద్ధుడి ముందు నిలబడితేనే గుర్తొస్తుంది.

ఇంటి సంగతులు గుర్తొస్తే చాలామంది సిగ్గుపడి దాచేస్తారు, మ్యూజియంలో ఇలాంటివి మాట్లాడకూడదన్నట్టు. మామయ్యగారిని అలా దాచుకోనివ్వకు. చెప్పడం అయ్యాక మాత్రం మళ్ళీ విగ్రహం వైపు తిప్పు. నాయనమ్మ నగలు అమ్ముకుంది అవసరానికి, బుద్ధుడు వదిలేసింది కోరి. ఆ తేడా పిల్లలకు చెప్పు. పెద్దవాడు తప్పకుండా ఏదో అడుగుతాడు.

మామయ్యగారిది మాచర్ల వైపు కదా, రాయి గురించి ఆయన్నే అడుగు. అమరావతి శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాతి మీద. మీ ఊరి ఇంట్లో పరిచిన నాపరాయీ సున్నపురాయి జాతిదే. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చేదీ అదే. ఇక్కడే నాకు గుండె పట్టేస్తుందమ్మా. అమరావతి స్తూపం రాళ్ళను కూడా ఒకప్పుడు సున్నం కోసం కాల్చేశారు, ఇళ్ళ కట్టుబడికి మోసుకుపోయారు. 1816లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషుల్ని వెంటబెట్టుకుని బొమ్మలు గీయించడానికి వచ్చేసరికే చాలా పోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. పిల్లలు రాయిని ముట్టుకోబోతే ఊరికే కసరకు, ఈ కథ చెప్పి ఆపు.

మామయ్యగారు కుదుటపడ్డాక, ఇంకో రోజు అమరావతి మ్యూజియానికి వెళ్ళండి. అక్కడి పూర్ణకుంభం చూసి మన ప్రభుత్వ ముద్ర అని పిల్లలే గుర్తుపడతారు. లావాటి పూలదండను భుజాల మీద మోస్తున్న మనుషుల బొమ్మలు కనిపిస్తే ఆయనకు కోటప్పకొండ ప్రభలు గుర్తురావచ్చు, రానీ.

కానీ ఒకటి ముందే చెబుతున్నా. అమరావతిలో పాతకాలపు శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. ఖాళీ ఆసనం, కింద పాదాల గుర్తులు, పైన బోధి చెట్టు, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. అత్తయ్యగారి కుర్చీలో ఇప్పటికీ ఎవరూ కూర్చోవడం లేదని రాశావు. ఆ పలక దగ్గర ఆయన ఆగిపోతే పక్కనే ఉండు. ఓదార్చకు, వివరించకు, పిల్లల్ని కాసేపు బయట తిప్పమని అల్లుడికి చెప్పు. ఆయన ఏమన్నా అంటే విను. ఏమీ అనకపోయినా సరే.

ఫోన్‌లో రికార్డు పెట్టొద్దు, బిగుసుకుపోతారు. ఇంటికొచ్చాక ఆ రాత్రే ఒక నోటుబుక్కులో ఆయన అన్న మాటలు ఆయన యాసలోనే రాసిపెట్టు, తేదీ వేసి. రెండ్రోజులాగితే నీ మాటలు కలిసిపోతాయి.

అమరావతికి వెళ్ళే ముందు నాకు ఫోన్ చెయ్యి. గుంటూరు నుంచి బస్సులో నేనూ వస్తాను. మధ్యాహ్నం భోజనానికి పులిహోర నేను తెస్తాను, నువ్వు పెరుగన్నం కలిపి తీసుకురా. మామయ్యగారికి కారం తగ్గించాలా లేదా అన్నది మాత్రం ముందే చెప్పు.

నీ
పెద్దమ్మ