ట్యూబులు ఎక్కించినా తగ్గని పొదుగువాపు: నాచు జాతి సూక్ష్మజీవి సోకితే ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార పక్క ఊరు. నాలుగు జెర్సీ సంకర ఆవులున్నాయి. రెండో ఈత ఆవు ఈని మూడు నెలలైంది. వానలు పట్టినప్పటి నుంచి దాని వెనక కుడి చన్నులో పాలు నీళ్లలా పలచబడి, తెల్లటి పలుకులు పడుతున్నాయి. జ్వరం లేదు, మేత బాగానే తింటోంది. రెండు దఫాలు చన్నులోకి యాంటీబయాటిక్ మందు ట్యూబులు ఎక్కించాం, సూదులు వేయించాం. తగ్గలేదు. పూటకు నాలుగున్నర లీటర్లిచ్చేది రెండుకు దిగింది. డాక్టరు గారు ఇది నాచు జాతి క్రిమి కావచ్చు అన్నారు. నాచు పొదుగులోకి ఎలా వెళ్తుంది? మందేమైనా ఉందా? ఆ పాలు వాడుకోవచ్చా? ఆవును అమ్మేయమంటారా?

జవాబు: ముందు మూడో దఫా ట్యూబులు కొనడం ఆపండి. మీ డాక్టరు గారి అనుమానం సరైనదే అయితే ఆ ఖర్చంతా వృథా. పైగా ట్యూబు ఎక్కించిన ప్రతిసారీ పొదుగులోకి కొత్త క్రిములు వెళ్లే దారి తెరుచుకుంటుంది.

ఈ సూక్ష్మజీవి పేరు ప్రోటోథెకా. చెరువు మీద తేలే నాచుకు ఇది చుట్టమే గానీ పచ్చదనం లేదు. ఎండతో ఆహారం తయారు చేసుకోలేదు కాబట్టి కుళ్లిన పదార్థం మీద బతుకుతుంది. 1894లో జర్మనీలో క్రూగర్ అనే శాస్త్రవేత్త చెట్ల నుంచి కారే రసంలో దీన్ని గుర్తించారు. ఆవుల పొదుగువాపుకు కూడా ఇది కారణమని 1952లో తేలింది. పేడ కలిసిన బురద, పశువుల సాల వెనక మురుగు కాలువ, కుడితి తొట్టి అడుగున పేరుకున్న జిగురు, నిలిచిపోయిన గెడ్డ నీళ్లు దీనికి నెలవులు. పందుల, ఎలుకల పేడలోనూ ఉంటుంది. వానాకాలంలో వంశధార పక్క ఊళ్లలో సాల నేల ఆరదు. పాలు పితికిన వెంటనే ఆవు ఆ తడిలో పడుకుంటే, ఇంకా మూసుకోని చనురంధ్రం గుండా క్రిమి పైకి పాకుతుంది. రెండో దారి మన చేతులే. పాలు దిగడం లేదని చన్నులో వేప పుల్ల, గడ్డిపోచ, ఇనుప గొట్టం పెట్టడం, ట్యూబు మొనను చేత్తో ముట్టుకోవడం, ఒకే గొట్టాన్ని అన్ని ఆవులకూ వాడడం వల్ల బురదలోని క్రిమి నేరుగా పొదుగులో చేరుతుంది.

యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదంటే, ఆ మందులు బ్యాక్టీరియా గోడనో, అది మాంసకృత్తులు తయారు చేసుకునే యంత్రాంగాన్నో దెబ్బతీస్తాయి. ప్రోటోథెకా బ్యాక్టీరియా కాదు, దాని నిర్మాణమే వేరు. బూజును చంపే కొన్ని మందులు గాజు పళ్లెంలో దీన్ని చంపుతాయి గానీ పొదుగు లోపల ఆ ఫలితం రాదు. క్రిమి పాల గ్రంథుల కణజాలంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఆవుల్లో దీనికి నమ్మదగిన చికిత్స నేటికీ లేదు. ఇది చెప్పడం నాకూ కష్టంగానే ఉంది, కానీ ఆశ చూపించి మీ డబ్బు ఖర్చు చేయించడం సరికాదు.

అయితే అనుమానంతోనే ఆవుపై నిర్ణయం తీసుకోకండి. స్టాఫిలోకాకస్, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాలు, బూజు జాతికి చెందిన ఈస్ట్ వల్ల వచ్చే పొదుగువాపులు కూడా ట్యూబులకు లొంగకపోవచ్చు. వీటిలో ఈస్ట్ అయితే యాంటీబయాటిక్ ఆపేశాక చాలాసార్లు రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ల్యాబులో క్రిమిని పెంచి చూసే కల్చర్ పళ్లెం మీద ఈస్ట్, ప్రోటోథెకా దాదాపు ఒకేలా బూడిద తెలుపు చుక్కలుగా కనిపిస్తాయి. పొరపాటు జరిగేది అక్కడే. సూక్ష్మదర్శిని కింద తేడా తెలుస్తుంది. ఈస్ట్ కణం పక్క నుంచి మొగ్గ వేస్తుంది. ప్రోటోథెకా మొగ్గ వేయదు. పెద్ద తల్లి కణం లోపల పిల్ల కణాలు సీతాఫలం తొనల్లా ఇరుక్కుని ఉంటాయి. నమూనాతో పంపే చీటీలో 'ప్రోటోథెకా అనుమానం, సబోరాడ్ అగర్ మీద కూడా పెంచి చూడండి' అని డాక్టరు గారి చేత రాయించండి (సబోరాడ్ అగర్ అంటే బూజు, ఈస్ట్ లాంటివి పెంచేందుకు ల్యాబులో వాడే పదార్థం). భువనేశ్వర్ పశువైద్య కళాశాల మీకు దూరమనిపిస్తే, సరిహద్దు దాటి విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలను సంప్రదించవచ్చు.

నమూనా తీయడంలోనే సగం పని చెడుతుంది. పొదుగు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. 70 శాతం స్పిరిట్‌లో తడిపిన దూదితో చనుమొనను, దూదికి మురికి అంటనంత వరకూ, కొత్త దూది మార్చుకుంటూ తుడవండి. మొదటి మూడు ధారలు వదిలేయండి. స్టెరైల్ సీసాను ఏటవాలుగా పట్టుకుని 5 నుంచి 10 మి.లీ. పట్టండి. నిలువుగా పడితే పైనుంచి వెంట్రుక, పేడ రేణువు పడతాయి. నాలుగు చన్నులకూ నాలుగు సీసాలు వాడి, 'వెనక కుడి', 'ముందు ఎడమ' అని రాయండి. ఐసు డబ్బాలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చండి. క్రిమి రోజూ ఒకేలా పాలలోకి రాదు కాబట్టి ఒకసారి 'లేదు' అని వస్తే సరిపోదు. వారం ఆగి మళ్లీ పంపండి.

ఈలోగా మిగతా మూడు ఆవులను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. అర లీటరు నీటిలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలపండి. ఒక్కో చన్ను పాలు విడిగా చిన్న గిన్నెలో పట్టి, అంతే కొలత సబ్బు నీళ్లు పోసి మెల్లగా తిప్పుతూ ఒక నిమిషం చూడండి. పలచగానే ఉంటే మంచిదే. చీమిడిలా చిక్కబడి గిన్నె అడుగున సాగితే, పైకి కనిపించని పొదుగువాపు ఉన్నట్టు. అది ఏ క్రిమి వల్లనో ఈ పరీక్ష చెప్పదు, అందుకే ఆ చన్నుల పాలు కూడా ల్యాబుకు పంపాలి. ఈనిన మొదటి వారంలో ఈ పరీక్షను నమ్మవద్దు.

ఈ రోజు నుంచే పితికే వరుస మార్చండి. ఆరోగ్యంగా ఉన్న ఆవులు ముందు, జబ్బు ఆవు అందరికన్నా చివర. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడగాలి. చేతికి పుండు, గాటు ఉంటే తొడుగు వేసుకోండి. చెడిన పాలను సాల నేల మీద పిండే అలవాటు ఉంటే వెంటనే మానాలి. మగ్గులో పిండి, బ్లీచింగ్ కలిపి, సాలకు దూరంగా గోతిలో పోయండి. దూడకు పట్టవద్దు, దాని పేడ ద్వారా క్రిమి మళ్లీ సాలంతా చేరుతుంది.

పితికిన వెంటనే ప్రతి చన్నునూ అయోడిన్ ద్రావణంలో ముంచాలి. మందుల షాపులో దొరికే 10 శాతం పోవిడోన్ అయోడిన్‌లో అందే అయోడిన్ ఒక్క శాతమే. దాన్ని 50 మి.లీ. తీసుకుని 10 మి.లీ. గ్లిజరిన్, 40 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు కలిపితే కావలసిన అర శాతం వస్తుంది. గ్లిజరిన్ లేకపోతే చన్ను చర్మం పగులుతుంది. ముంచగా మిగిలినది మళ్లీ సీసాలో పోయకండి. పేడ కలిసిన అయోడిన్ పనిచేయదు, పైగా అదే క్రిమిని మోసుకెళ్తుంది. తర్వాత అరగంట పాటు ఆవు ముందు పచ్చిమేత వేసి నిలబడేలా చూడండి, ఆలోపు చనురంధ్రం మూసుకుంటుంది.

సాల నేలకు మురుగు కాలువ వైపు వాలు ఉండాలి. ముందు పేడ, జిగురు గీకి కడిగేయాలి, ఆ తర్వాతే 10 లీటర్ల నీటికి 100 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి చల్లాలి. పేడ మీద చల్లిన బ్లీచింగ్ పేడతోనే ఖర్చయిపోతుంది. ఫినాయిల్‌తో, యాసిడ్‌తో కలపకండి. గత్తం కుప్పను సాలకు ఆనించి వేయవద్దు. కుడితి తొట్టి వారానికి ఒకసారైనా లోపల రుద్ది కడిగి ఎండబెట్టండి.

ఆ చన్ను పాలు అమ్మవద్దు, ఇంట్లోనూ వాడవద్దు, మిగతా పాలలో కలపవద్దు. ఈ క్రిమిలో కొన్ని రకాలు పాశ్చరైజేషన్ వేడిని కూడా తట్టుకున్నట్టు ప్రయోగాల్లో కనిపించింది. మనుషులకు సోకడం అరుదే, కానీ రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రమాదం. అదే ఆవు మిగతా చన్నుల పాలను కూడా ల్యాబు ఫలితం వచ్చేదాకా కేంద్రానికి పోయకండి. ట్యూబులు, సూదులుగా వాడిన మందు తర్వాత పాలు వాడకూడదని చెప్పిన గడువు తీరిందో లేదో డాక్టరు గారిని అడిగి చూసుకోండి. ఇంట్లో తాగే పాలు ఏ ఆవువైనా బాగా మరిగించాల్సిందే.

ఇక ఆవు సంగతి. ప్రోటోథెకా అని తేలితే, ఆ ఒక్క చన్నే ఎండగట్టి మిగతా మూడు పితకడం చాలామంది ఆలోచించే మార్గం. చన్నులో గాఢమైన అయోడిన్ ఎక్కించి ఎండగట్టే పద్ధతీ ఉంది, అది బాగా నొప్పి పుట్టించేది కాబట్టి డాక్టరు చేతుల మీదుగా, నొప్పి తగ్గించే సూదితోనే జరగాలి. కానీ ఎండిన భాగంలోనూ క్రిమి మిగలవచ్చు, మళ్లీ ఈనగానే పాలలోకి రావచ్చు. నా అభిప్రాయం వేరు. నాలుగు లీటర్ల కోసం మిగతా మూడు ఆవులను ప్రమాదంలో పెట్టకండి, ఈ ఆవును పూర్తిగా వట్టిపోనివ్వండి. విదేశాల్లో ఇలాంటి ఆవును మంద నుంచి తీసి వధకు పంపుతారు. ఒడిశాలో 1960 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది కాబట్టి ఆ దారి మీకు లేదు. సంతలో పాడి ఆవుగా అమ్మితే జబ్బును ఇంకొకరి సాలకు పంపినట్టే, అది చేయకండి. వేరే పాకలో కట్టి, గత్తం కోసం ఉంచుకోవచ్చు. కట్టేటప్పుడు పాక వాలు, కాలువ మిగతా ఆవుల వైపు రాకుండా చూసుకోండి. మిగతా మూడింటికీ నెలకోసారి సబ్బు నీళ్ల పరీక్ష చేస్తూ, కొత్త ఆవును కొంటే సాలలోకి తెచ్చే ముందే దాని నాలుగు చన్నుల పాలూ ల్యాబులో చూపించండి.