పసిపిల్లల దగ్గర ఆగు తల్లీ

అమ్మలూ,

నీకు బర్న్స్ వార్డులో డ్యూటీ వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా ఇంట్లో ఇంకో నర్సు ఆ వార్డు గడప తొక్కుతోందని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఒంట్లో ఎంత శాతం కాలిందో తేల్చే తొమ్మిదుల లెక్క నీకు వచ్చిందే. పెద్దవాళ్లకు తల, మెడ కలిపి 9, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, ఒంటి ముందు భాగం 18, వెనక 18, మర్మాంగం దగ్గర 1. ఊరికే ఎర్రబడిన చర్మాన్ని కలపకు. పసుపో, టూత్‌పేస్టో పూసి తీసుకొస్తారు, కడిగాకే చూడు. ఒత్తిగిలించి వీపు చూడందే అంకె వెయ్యకు.

పసిపిల్లల దగ్గర మాత్రం ఆగు. నేను ఆగలేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నైట్ డ్యూటీ. ఏడాది పిల్లాడు, పది కిలోలు. పీట మీది వేన్నీళ్ల గిన్నె మీదికి లాగేసుకున్నాడు. తలకు 9, ఛాతీకి 9, మొత్తం 18 అని కేస్ షీట్‌లో రాసేశాను. ఆ వయసులో తల ఒక్కటే 18 అమ్మా! 27 రాయాలి. కిలో బరువుకి, కాలిన ఒక్కో శాతానికి 4 మి.లీ. చొప్పున మొదటి 24 గంటలకు 1080 మి.లీ. డ్రిప్ ఎక్కాల్సిన చోట నా అంకె చూసి 720 పెట్టారు. అందులో సగం కాలిన క్షణం నుంచి 8 గంటల్లోపే వెళ్లాలి. తెల్లవారుజామున వాడు ఏడుపు ఆపాడు. నిద్రపోయాడని సంబరపడ్డాను. పెద్ద సిస్టర్ వచ్చి యూరిన్ బ్యాగ్ ఎత్తి చూసింది, అడుగున నాలుగు చుక్కలు. ఆ బరువుకి గంటకు 10 మి.లీ. అయినా రావాలి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. లెక్క మళ్లీ వేయించి డ్రిప్ పెంచింది.

బిడ్డ బతికాడు. ఇంటికి వెళ్తూ వాళ్లమ్మ నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. నిజం చెప్పలేకపోయాను.

అందుకే చెబుతున్నా, వయసును బట్టి అంకెలుండే లండ్-బ్రౌడర్ చార్టు దగ్గర పెట్టుకో. అక్కడక్కడా కాలితే వేళ్లతో సహా అరచెయ్యి 1 శాతం కింద లెక్క. బిడ్డ అరచెయ్యి, నీది కాదు. ఎక్కువ రాసినా ముప్పే, డ్రిప్ ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

పొద్దున ఏమీ తినకుండా పరిగెత్తే అలవాటు మానెయ్. ఆ వార్డులో ఖాళీ కడుపుతో నిలబడలేవు. మొదటిసారి పసిబిడ్డ కేసు వచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ పెద్దమ్మ