మెడ దగ్గర మొదలుపెట్టకు

తమ్ముడూ,

థైరాయిడ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యాలు సాఫీగా ఉన్నాయి, విషయమే తలకిందులైంది. "టీఎస్‌హెచ్ 12 వచ్చిందంటే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనట్టు" అని రాశావు. మహబూబ్‌నగర్‌లో ఏ ల్యాబ్ బయట నిలబడ్డా ఇదే మాట వినబడుతుంది. నీ వ్యాసం దాన్ని సరిచేయాలి గానీ అచ్చువేయకూడదు. టీఎస్‌హెచ్ గొంతులో పుట్టదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో పుడుతుంది. థైరాయిడ్ గ్రంథికి అది హుకుం. గ్రంథి సరిగా పలకనప్పుడే హుకుం గట్టిపడుతుంది. అందుకే 12 లాంటి ఎక్కువ అంకె వచ్చిందంటే, దాదాపు ఎప్పుడూ, హార్మోన్ చాలడం లేదని అర్థం.

కాబట్టి మెడ దగ్గర కాదు, మెదడులో పిట్యూటరీకి పైన ఉండే హైపోథాలమస్ దగ్గర మొదలుపెట్టు. అక్కడి నాడీకణాలు టీఆర్‌హెచ్ అనే చిన్న అణువును తయారుచేస్తాయి, అందులో ఉన్నవి మూడే అమైనో ఆమ్లాలు. అది ఒళ్లంతా తిరగకుండా ఆ రెంటినీ కలిపే పోర్టల్ సిరల గుండా నేరుగా పిట్యూటరీ ముందు భాగానికి దిగుతుంది. చేతి నరంలో తీసిన రక్తంలో దాన్ని వెతకకపోవడానికి కారణం ఇదే. గిల్లెమిన్, షాలీ అనే శాస్త్రవేత్తలు, ఆయన గొర్రెల మెదళ్లతో, ఈయన పందుల మెదళ్లతో, లక్షల లెక్కన పోగుచేసి 1969లో దాని నిర్మాణం తేల్చారు. 1977లో నోబెల్ వచ్చింది. చరిత్ర ఇంతకుమించి వద్దు.

టీఆర్‌హెచ్ తగిలితే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను వదులుతుంది. అది అందుకున్న గ్రంథి రోజుకు సుమారు 80-100 మైక్రోగ్రాముల టీ4 (థైరాక్సిన్) హార్మోన్‌ను, కొద్దిగా టీ3 హార్మోన్‌ను ఇస్తుంది. గట్టిగా పనిచేసేది టీ3. అందులో దాదాపు 80 శాతం గ్రంథి బయటే, టీ4 నుంచి ఒక అయోడిన్ పరమాణువు తెగిపోవడం వల్ల తయారవుతుంది. ఈ రెండూ పైకి వెళ్లి పిట్యూటరీని, హైపోథాలమస్‌ను "ఇక చాలు" అని ఆపుతాయి. ఈ వెనక్కి వెళ్లే బాణం నీ బొమ్మలో లేదు. అది లేకుండా 12కు అర్థమే రాదు.

హార్మోన్ అదుపును ట్యాంకులో తేలే బంతితో పోల్చావు. ఉంచు, కానీ అది ఎక్కడ సరిపోదో కూడా చెప్పు. బంతి లేవగానే నీళ్లు ఆగుతాయి. ఇక్కడ రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. థైరాక్సిన్ గోలీ మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించమనేది అందుకే. పదిహేను రోజులకే రిపోర్టు చూసి మోతాదు పెంచితే, తర్వాత అది మించిపోయి గుండెదడ మొదలవ్వొచ్చు.

అసలు లోటు వేరే ఉంది. టీఎస్‌హెచ్ నార్మల్ ఉంటే థైరాయిడ్ బాగున్నట్టేనని తీర్పు ఇచ్చావు. పిట్యూటరీయే దెబ్బతింటే? గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ పెరుగుతుంది, దాని ముందు భాగానికి రక్తం ఎక్కువగా ఆ పోర్టల్ సిరల్లోంచే తక్కువ ఒత్తిడితో అందుతుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోతే ఆ కణాలు చచ్చిపోవచ్చు. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. బాలింతకు పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఏళ్ల తరబడి నీరసం. టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్‌గానో తక్కువగానో కనబడుతుంది. ఫ్రీ టీ4, అంటే రక్తంలో ప్రొటీన్లకు అతుక్కోకుండా విడిగా ఉన్న టీ4, కూడా చూస్తేనే దొరుకుతుంది. ఇంకో మెలిక: అదే దెబ్బకు, ఒంటికి ఒత్తిడి తట్టుకునే శక్తినిచ్చే కార్టిసాల్ హార్మోన్ కూడా పడిపోయి ఉండవచ్చు. దాన్ని ముందు సరిచేయకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చు. దీనికి రెండు పేరాలు ఇవ్వు. ఊళ్లో కాన్పులైన పాత తరం ఆడవాళ్ల ఇళ్లలో ఈ పేజీ చదవాలి.

గోలీ సంగతి క్లుప్తంగా ముగించు: పరగడుపున నీళ్లతో, చాయ్‌కి కనీసం అరగంట ముందు, వీలైతే గంట. ఐరన్, కాల్షియం గోలీలకు నాలుగు గంటల ఎడం. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్ల గురించి మాత్రం తప్పక రాయి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. కనీసం రెండు రోజులు ఆపి రక్తం ఇవ్వమను.

నల్లగొండ పాఠకుడు ఫ్లోరైడ్ సంగతి అడుగుతాడు. మర్రిగూడ వైపు నీళ్లు పాడుచేసింది పళ్లను, ఎముకలను. థైరాయిడ్ మీద దాని ప్రభావం గురించి అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు, అంతే రాయి. గొంతు వాపుకు తెలిసిన కారణాల్లో అయోడిన్ లోటు ఒకటి. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలపకు. అచ్చుకు ఇచ్చే ముందు షీహాన్ పేరాలు ఒక ఎండోక్రైనాలజిస్టుకు చూపించు.

ఇట్లు,
నీ అన్న