స్టీరియో ఫొటోలో మనిషి ముఖం ఎందుకంత సజీవంగా కనిపిస్తుంది?

ఎదురుగా కూర్చున్న మనిషిని మన రెండు కళ్ళూ చూసే తీరునే స్టీరియో ఫొటో మళ్ళీ మన ముందుంచుతుంది కనుక అందులోని ముఖం సజీవంగా అనిపిస్తుంది. పెద్దవారి కంటిపాపల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. దాదాపు అంత ఎడంతో రెండు లెన్సులు ఒకేసారి తీసిన చిత్రాలను స్టీరియోస్కోపు అనే పరికరంలో ఏ కంటి చిత్రాన్ని ఆ కంటితోనే చూసినప్పుడు, వాటి మధ్యనున్న చిన్నచిన్న తేడాలను మెదడు లోతు రూపంలో గ్రహిస్తుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ ఈ సంగతిని 1838లోనే వివరించాడు. దూరపు కొండల్లో ఆ తేడా దాదాపు ఉండదు గాని, రెండు మీటర్లలో ఉన్న ముఖంలో పుష్కలంగా ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, రాట్నం మీద నూలు వడికే ఒక వృద్ధురాలిని తీశామనుకుందాం. మామూలు ఫొటోలో ఆమె వేళ్ళ నుంచి సాగే సన్నని పోగు వెనకనున్న తెల్లచీరలో కలిసిపోతుంది. స్టీరియోలో అదే పోగు చీరకు జానెడు ముందు గాలిలో నిలుస్తుంది, కళ్ళద్దాలకూ కళ్ళకూ మధ్యనున్న ఖాళీ సైతం తెలుస్తుంది. ముడతలు పడిన ముఖాలకు ఇంతగా న్యాయం చేసే పద్ధతి మరొకటి లేదనే చెప్పాలి.

లెన్సుల ఎడం పెంచినకొద్దీ ఫొటో బాగుంటుందని చాలామంది అనుకుంటారు, కాని అది పొరపాటు. ఎక్కువ ఎడం కొండలకు పనికివస్తుంది. దగ్గరి ముఖానికి వాడితే ముక్కు అసహజంగా పొడుచుకువచ్చి, మనిషి బొమ్మంత చిన్నగా కనిపిస్తాడు.